మంగతాయారు గారికి చదువు చెప్పిన తొంభై రోజులు

1వ రోజు

పూస తీసి డబ్బాలో పెట్టాను. కలం పట్టుకున్నాను. ఈ దినచర్య చేత్తోనే రాయాలని, రాసేటప్పుడు చెవిలో పూస ఉండకూడదని విద్యాపీఠం నిబంధన. పఠన బోధనలో ఎం.ఏ. చేసేవాళ్ళందరికీ ఆఖరి మూడు నెలలూ ఇదే శిక్ష. నాలుగు లైన్లు రాసేసరికి బొటనవేలు లాగేస్తోంది. పూర్వం జనం పుస్తకాలకి పుస్తకాలు రాసేవాళ్ళంటే వాళ్ళవి చేతులా, చెక్కలా అనిపిస్తోంది.

నా పేరు కుడుపూడి హైమవతి. వయసు నలభై ఏడు. నిలువులంక బడిలో ఇరవై రెండేళ్ళు టీచరుగా చేశాను. చేశానంటే, పిల్లల పూసలు చార్జింగులో ఉన్నాయో లేదో చూశాను, జలుబు చేసినవాళ్ళని ఇంటికి పంపాను. పాఠం పూసే చెబుతుంది. గోడ, తలుపు, పప్పు డబ్బా, మందు సీసా, దేనివైపు చూస్తే దాని మీద రాసింది చెవిలో చదివి పెడుతుంది. ఇక అక్షరాలతో ఎవరికేం పని?

పని ఉందని మూడేళ్ళ కిందటి తుఫానులో తెలిసింది. సముద్రం మా ఊరిని నిలబెట్టిన స్తంభాల నడుము దాకా వచ్చింది, పూసలు నాలుగు రోజులు మూగబోయాయి. మా ఇళ్ళ వరసలో ఒకాయన దగ్గుమందనుకుని పడవలకు వేసే రంగు తాగాడు. ప్రాణం దక్కింది గానీ నెల రోజులు ఆయన పళ్ళు నీలంగానే ఉన్నాయి. సీసా మీద మాట చదవగలిగినవాళ్ళు ఊరు మొత్తం మీద ఒక్కరూ లేకపోయారు. ఆ తర్వాత ఊరికొక పఠన ఉపాధ్యాయురాలు ఉండాలని చట్టం వచ్చింది. మిగతా టీచర్లందరినీ నాచు ఆరబెట్టే షెడ్డుకి బదిలీ చేశారు.

నా ఆఖరి పరీక్ష ఇదీ. అక్షరం ముక్క రాని ఒక పెద్ద మనిషికి తొంభై రోజుల్లో చదవడం నేర్పాలి. ఆ మనిషి ముందెప్పుడూ చూడని కాగితాన్ని, పూస లేకుండా, పరీక్షకుల ఎదుట పైకి చదవాలి. చదివితే నేను పాసు. పోయినేడు నాకిచ్చిన విద్యార్థి పరీక్ష రోజు పొద్దున్నే పడవెక్కి పారిపోయాడు. మూడో అవకాశం ఎవరికీ ఇవ్వరు. ఈసారి తప్పితే నాచు షెడ్డే. నాకు నాచు వాసన పడదు, ఆ సంగతి ఇక్కడే రాసి పెడుతున్నాను.

ఈసారి నా పాలిట పడ్డావిడ చిక్కం మంగతాయారు. అరవై మూడేళ్ళు. మా విద్యాపీఠం క్యాంటీన్లో వంట చేస్తుంది. ఇవాళ పలక పట్టుకుని వెళ్తే గరిటె కింద పెట్టి, నేనేం తప్పు చేశానండి అని అడిగింది.

6వ రోజు

మా బోధన గ్రంథం పద్నాలుగు గంటలు. నేను రెండుసార్లు విన్నాను. అందులో అక్షరం ప్రస్తావన పదకొండో గంటలో వస్తుంది. నాకు అక్షరాలు నేర్పింది ప్రొఫెసర్లు కాదు, తుఫాను తర్వాత పైఊరి నుంచి వచ్చి పాతకాగితాల గిడ్డంగికి కాపలా ఉండే ముసలాయన. రోజుకో మజ్జిగ చెంబు తీసుకుని నేర్పాడు. ప్రొఫెసర్లు సిద్ధాంతం చెబుతారు.

పలక మీద అక్షరాలు చూపిస్తే మంగతాయారు గారు ఆవలిస్తోంది. మూడు రోజులు ఆవలించాక, నాలుగో రోజు జంతికల గొట్టం తీసుకుని కాగుతున్న నూనెలోకి 'అ' తిప్పింది. నావైపు చూసి, మీ పలక మీదది పడుకున్నట్టుందండి, ఇదైతే లేచి కూర్చుంది అంది. ఇప్పటికి సగం అక్షరాలు వేయించేశాం. 'క్ష' మాత్రం నూనెలో నిలవడం లేదు, మూడు ముక్కలవుతోంది. క్యాంటీన్లో అందరూ అచ్చులూ హల్లులూ తింటున్నారని మా గైడు గారికి తెలిస్తే ఏమంటారోనని భయం వేసింది. మా గైడు డాక్టర్ నిడమర్తి భాస్కరం గారు. విభాగానికి అధిపతి, పఠనం మీద ముప్ఫై గంటల గ్రంథం చెప్పిన మనిషి. చెబితే కోప్పడలేదు, ఓ గుప్పెడు 'ఠ'లు పంపమన్నారు.

20వ రోజు

మాటలు చదివేస్తోంది. 'ఉల్లి', 'నెయ్యి', 'పళ్ళెం'. ఈ వేగం చూస్తే నాకు గర్వం వచ్చింది, దిష్టి తగులుతుందని అణుచుకున్నాను.

ఇవాళ వాక్యాలకి వెళ్ళాం. మెట్ల దారి దగ్గర ఒక పాత బోర్డు ఉంది. 'ఈ మెట్లు విరిగినవి. ఎక్కరాదు.' ఆవిడ వేలు పెట్టి 'ఈ మెట్లు' దాకా గంట కొట్టినట్టు చదివింది. ఆ తర్వాత, 'అలిసిపోయినవి, కాసేపు ఆగండి' అంది. ఇంకోసారి చదవమన్నాను. ఇంకోసారీ అదే. బియ్యం డబ్బా మీద 'పాత బియ్యం, పశువులకు మాత్రమే' అని ఉంటే, 'పాత బియ్యం, అందరికీ మంచిది' అని చదివింది.

పూస మర్యాదకి అలవాటు పడ్డ చెవి కదా అనుకున్నాను. పూసలు వచ్చిన కొత్తలో రాసింది రాసినట్టే చదివేవట. కోర్టు నోటీసులు, రక్తపరీక్ష కాగితాలు, అత్తగారి ఉత్తరాలు విని జనం నడిదారిలో కూలబడేవాళ్ళట. అందుకని వాటికి మర్యాద నేర్పారు. అదే బోర్డు చూస్తే నా పూస, 'ఈ మెట్లు విశ్రాంతి తీసుకుంటున్నాయి' అంటుంది. మేమందరం ఆ మాటల మధ్య పుట్టి పెరిగినవాళ్ళం. మా ఊళ్ళో కూర బాగాలేదని ఎవరూ అనరు, ఇక చాలంటారు. చదవడం వచ్చాక నా నోరు పాడైందని మా ఆయన ఉద్దేశం. ఆ మాట కూడా ఆయన అలా అనడు, ఈమధ్య నీ మాట స్పష్టంగా వినిపిస్తోంది అంటాడు.

కానీ పాఠం చెప్పేటప్పుడు మంగతాయారు గారి చెవిలో పూస ఉండదు. డబ్బా మూత నేనే వేస్తాను. అంటే ఇది చెవి జబ్బు కాదు, కంటి జబ్బు. వాక్యం చివరికి వచ్చేసరికి చూపు జారిపోతోంది.

33వ రోజు

జబ్బుకి పేరు పెట్టాను. 'వాక్యాంత శైథిల్యం'. భాస్కరం గారికి చెబితే కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఇది కొత్త విషయం, సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం చేయండి అన్నారు. ఆవిడ తప్పులన్నీ ఉన్న కాగితం ముందు పెడితే, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, మీరే చదివి వినిపించండి, మీ గొంతులో వింటే భావం తెలుస్తుంది అన్నారు. ఎంత పెద్దమనసు!

అధ్యాయం నలభై పేజీలు అయింది. వాక్యం చివర ఉన్న మాటల్ని పెద్దగా, ఎర్రగా రాసి చూపించాను. కంటికి ఆముదం పెట్టించాను. ప్రయోజనం లేదు. 'విషం' అని ఎర్రగా రాస్తే 'విశేషం' అని చదివింది.

41వ రోజు

ఈ రోజు జరిగింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నా నలభై పేజీలూ గంగలో కలిశాయి.

పొద్దున విసుగు పుట్టి పలక మీద 'మంగతాయారు చేసే రొయ్యల పచ్చడిలో ఉప్పు ఎక్కువ' అని రాసి ఇచ్చాను. పలకని అటూ ఇటూ తిప్పి, చిరునవ్వుతో, 'మంగతాయారు చేసే రొయ్యల పచ్చడి అమృతం' అని చదివింది. శైథిల్యమే అనుకుని లెక్క రాసుకున్నాను. మధ్యాహ్నం భోజనానికి కూర్చుని పచ్చడి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పు సరిగ్గా ఉంది.

ముప్ఫై ఏళ్ళుగా ఆ పచ్చడిలో ఉప్పు ఎక్కువే. ఊరంతా తింటూ, ఇక చాలండి అంటూ వచ్చింది. ఇవాళ సరిపోయింది. నేను చెయ్యి కడుక్కోకుండానే వంటింట్లోకి వెళ్ళి, మీకు చదవడం వచ్చు కదా అని అడిగాను. ఆవిడ తల వంచుకుని గిన్నె తోముతూ, వచ్చినట్టేనండి అంది.

మరి ఎందుకలా చదువుతున్నారని అడిగితే గిన్నె పక్కన పెట్టింది.

"రాసినోళ్ళు ఏ కోపంలో రాశారో ఏటోనండి. ఇనేవోళ్ళు ఎదురుగా కూకుంటారు. మజ్జిలో ఉన్నోళ్ళం మనం సర్దకపోతే ఎలాగండి? మీరు నోరారా అడిగి చదివించుకుంటా ఉంటే, మీ మొకం మీద ఉప్పెక్కువని ఎలా అంటానండి?"

ఉప్పు ఎక్కువన్నది ఆవిడ పచ్చడినే, నన్ను కాదు. ఆ మాట చెప్పినా, ఎవర్నయితే ఏటండి అంది.

పిచ్చి కోపం వచ్చింది. ఆ వెంటనే నవ్వూ వచ్చింది. ఈవిడకి నలభై రోజుల్లో చదువు వచ్చేసింది, నాకే బుద్ధి రాలేదు. కానీ పరీక్షలో ఇలా చదివితే ఇద్దరం మునిగినట్టే.

60వ రోజు

ఎవరి మొహం మీదా అనలేకపోతే, మొహం లేని చోట అనిపించాలని కొత్త పద్ధతి పెట్టాను. రోజూ సాయంత్రం కట్ట చివరికి వెళ్తాం. ఆవిడ సముద్రం వైపు తిరిగి చదువుతుంది, నేను వెనక నిలబడతాను. 'ఈ తాడు తెగినది.' 'గడువు ముగిసిన మందులు.' 'ఇక్కడ ఉమ్మరాదు.' సముద్రానికి మాత్రం ఏ మొహమాటం లేకుండా చెప్పేస్తోంది. నావైపు తిరిగి చదవమంటే మళ్ళీ తేనె.

వచ్చేటప్పుడు విరిగిన మెట్ల దగ్గర ఇద్దరు ముసలాళ్ళు కాలు పెట్టబోయారు. మంగతాయారు గారు పరుగున వెళ్ళి, అటు తిరిగెళ్ళండి బాబూ, గాలి బాగుంటది అని పక్క దారికి మళ్ళించింది. వాళ్ళు సంతోషంగా వెళ్ళారు. చూశారా, సర్దితే పని అవ్వలేదా అన్నట్టు నావైపు చూసింది. ప్రతి మెట్టు దగ్గరా మీరు నిలబడలేరు కదండీ అన్నాను. ఆవిడ మలుపు తిరిగేదాకా వెనక్కి తిరిగి ఆ మెట్లవైపే చూస్తూ నడిచింది. ఆ మాట ఎక్కడో తగిలిందనుకుంటాను.

79వ రోజు

ఇవాళ విభాగం ఆఫీసులో నా ఫైలు ఇచ్చారు. నాలుగు టర్ముల నుంచి భాస్కరం గారి అభిప్రాయాలన్నీ అందులో ఉన్నాయి. ఆయన నోటితో చెబుతారు, యంత్రం అచ్చు వేస్తుంది, మాకు పూస వినిపిస్తుంది. మొదటి టర్ములో నా బోధన ప్రణాళిక గురించి పూస నాకు చెప్పింది నాకు గుండె మీద రాసినట్టు గుర్తుంది. 'ఇలాంటి ప్రణాళిక ఇంతవరకు చూడలేదు.' ఆ రోజు ఇంట్లో పాయసం కూడా చేశాను.

ఇవాళ పూస తీసి చదివాను. 'ఇలాంటి పనికిమాలిన ప్రణాళిక ఇంతవరకు చూడలేదు. ఈమెకు వయసు మీరింది. నాచు షెడ్డు నయం.'

ఆ వరండాలోనే కూర్చుని ఏడ్చాను. సిగ్గు లేకుండా రాస్తున్నాను, గట్టిగానే ఏడ్చాను. మంగతాయారు గారు ఎక్కడినుంచి చూసిందో, మజ్జిగ తెచ్చి పక్కన కూర్చుంది. కాగితం ఆవిడ చేతికిచ్చాను. వేలు పెట్టి మెల్లగా అంతా లోలోపలే చదువుకుంది. మడిచి నా సంచిలో పెట్టి, మీ గొంతు ఎండిపోయుంటది, తాగండి అంది. ఈవిడ ఇన్నాళ్ళూ ఎందుకు సర్దుతోందో నాకు అప్పుడు బాగా అర్థమైంది. ఆ మజ్జిగ తాగుతూ, పూస మర్యాదే నయమేమో, ఈ చదువు ఎవరికి కావాలి అని కూడా అనుకున్నాను.

తర్వాత ఇంకోటి తోచింది. ఆ ప్రణాళిక నిజంగానే పనికిమాలినది. అక్షరాన్ని పదకొండో గంటకి పెట్టాను. ఆ మాట అప్పుడే నా చెవిన పడి ఉంటే, నేను పోయినేడే పాసయ్యేదాన్నేమో.

90వ రోజు

సాయంత్రం ఐదయింది. జరిగింది మొత్తం రాస్తాను.

పరీక్ష పైఅంతస్తు గదిలో జరిగింది. పరీక్షకులు ఇద్దరు. ఒకరు భాస్కరం గారు. రెండోవారు రాజధాని నుంచి వచ్చిన రెహానా గారు, పఠన మండలి సభ్యురాలు. నిబంధన ప్రకారం అందరి పూసలూ తీసి స్టీలు గిన్నెలో వేశారు. నేను విద్యార్థిని పక్కనే, నోరు మూసుకుని కూర్చోవాలి. పాతకాగితాల గిడ్డంగి నుంచి వచ్చిన సీలు కవరు విప్పి కాగితం మంగతాయారు గారి ముందు పెట్టారు. నాకూ కనిపిస్తోంది.

ఎప్పటిదో ఉత్తరం. ఏదో బడి హెడ్మాస్టరు ఒక తండ్రికి రాసింది. 'మీ అమ్మాయికి చదువు రాదు. మూడేళ్ళుగా చూస్తున్నాము. బడి మాన్పించి ఏదైనా పనిలో పెట్టండి. ఆమె పలక, సంచి ఆఫీసులో ఉన్నవి. వచ్చి తీసుకుపోగలరు.'

మంగతాయారు గారు చాలాసేపు చూసింది. పెదాలు కదిలాయి. వేలు చివరి లైను దాకా వెళ్ళి మళ్ళీ పైకి వచ్చింది. అప్పుడు గొంతు సవరించుకుని, ఎక్కడా తడబడకుండా చదివింది.

"మీ అమ్మాయి బంగారం. మూడేళ్ళుగా మాకందరికీ కంటివెలుగు. ఏ పనిలో పెట్టినా రాణిస్తుంది. ఆమె పలక, సంచి ఆఫీసులో భద్రంగా ఉన్నవి. వచ్చి ఆశీర్వదించగలరు."

రెహానా గారు చప్పట్లు కొట్టారు. ఇంత ధారగా చదివిన విద్యార్థిని తన అనుభవంలో చూడలేదన్నారు. భాస్కరం గారు తలాడిస్తూ ఫలితాల కాగితం దగ్గరికి లాక్కుని, వేలిముద్ర వేయడానికి సిరా డబ్బా మూత తీశారు.

నేను ఊరుకుంటే అయిపోయేది. డిగ్రీ, బడి, ఉద్యోగం అన్నీ ఆ సిరా డబ్బాలో ఉన్నాయి. నాచు వాసన ముక్కుకి తగిలింది కూడా. కానీ ఈ పరీక్ష పాసైన మనిషికి ఒక బిళ్ళ ఇస్తారు. మళ్ళీ పూసలు మూగబోయిన రోజున ఊరంతా ఆ బిళ్ళ ఉన్నవాళ్ళ దగ్గరికే సీసాలు పట్టుకుని పరిగెడుతుంది. అప్పుడు ఈవిడ 'విషం' అని ఉన్న చోట 'విశేషం' అంటే?

"అక్కడ ఉన్నది అది కాదండీ," అన్నాను.

మంగతాయారు గారు నావైపు చూసిన చూపు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంది. కన్నకూతురే బజారులో నిలబెట్టినట్టు చూసింది. ఏది కాదని రెహానా గారు అడిగారు. కాగితం మీద ఉన్నది నేను చదివి వినిపించాను. రెండింటిలో ఏది నిజమని ఆవిడ అడిగారు. కాగితం మీ ముందే ఉంది కదండీ అన్నాను. ఆవిడ కాగితాన్ని ఒకసారి తిప్పి చూసి, గిన్నెలోంచి తన పూస తీసి పెట్టుకున్నారు. కాసేపు విని, పూస చెప్పింది మాకు చెప్పారు. 'మీ అమ్మాయి ప్రతిభకు ఈ బడి చాలదు.' చూశారా, మీ విద్యార్థిని చదివిందే దగ్గరగా ఉంది, గెలిచిన పరీక్షని మీరే ఎందుకు పాడు చేసుకుంటారు అని మందలించారు.

పూస తీసి చూడమని బతిమాలాను. ఆవిడ కళ్ళజోడు తేలేదన్నారు. భాస్కరం గారి కళ్ళజోడు ఆయన ముక్కు మీదే ఉంది. ఆయన కాగితం వైపు చూస్తూనే ఉన్నారు. ఆ చూపు ఎక్కడా ఆగడం లేదు, కదలడం లేదు. ఆ చూపు నాకు తెలుసు. అక్షరాలు రాకముందు నాదీ అదే చూపు. ఆయన ముప్ఫై గంటల గ్రంథం నా కళ్ళ ముందు కూలిపోయింది.

"నేను సిద్ధాంతం వైపమ్మా," అన్నారాయన, చాలా మెల్లగా.

నేను ఫైలు చదివినప్పటి నుంచి ఆ మనిషి మీద కత్తులు నూరుతున్నాను. ఒక్క మాట అంటే చాలు, పగ తీరిపోతుంది. మాట నోటిదాకా వచ్చి ఆగింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి, సిరా డబ్బా మూత పెట్టేశారు.

మంగతాయారు గారు లేచింది. ఒక మనిషి సిగ్గుపడుతూ కూర్చుంటే చూడలేని మనిషి కదా. తన స్టూలు లాక్కెళ్ళి ఆయన పక్కన వేసుకుని, కాగితం ఇద్దరి మధ్యా పెట్టి, ఆయన చూపుడువేలు పట్టుకుని మొదటి లైనులో మూడో మాట కింద పెట్టింది.

"ఇది చ అండి. పక్కనోడు దు. ఆ పక్కన వు. కంగారేం లేదండి, నాక్కూడా నెల పట్టింది."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుంటారనుకున్నాను. తీసుకోలేదు. చ అన్నారు. దు అన్నారు. మూడూ కలిపి పలకడానికి చాలాసేపు పట్టింది. కలిశాక పిల్లాడిలా నవ్వారు. రెహానా గారు తన పూస తీసి గిన్నెలో వేసి, కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. బయట మధ్యాహ్నం పడవ కూత వేసి వెళ్ళిపోయింది. తర్వాతి మాట దగ్గర మంగతాయారు గారు ఆగి నావైపు చూసింది. ఆ మాటని ఆయన మొహం మీద చెప్పాలి, సర్దడానికి వీలు లేదు, సర్దితే ఆయనకి అక్షరం తప్పు వస్తుంది. నేను తల ఊపాను.

"రా," అంది. "దు."

"రాదు," అన్నారాయన. మళ్ళీ 'చ' దగ్గర నుంచి వేలు జరుపుతూ, ఎవరి సాయం లేకుండా, "చదువు రాదు," అని చదివారు. రెహానా గారి వైపు తిరిగి, కాగితం మీద ఉన్నది ఇదే, హైమవతి చెప్పిందే నిజం అన్నారు. ఆ నిజాన్ని ఈవిడే నా చేత చదివించింది కాబట్టి ఈవిడకి చదవడం వచ్చినట్టే అని సిరా డబ్బా మూత మళ్ళీ తీసి, పాసు అని ఉన్న గడిలో వేలిముద్ర వేశారు. అది పాసు గడేనా అని నన్ను అడిగి మరీ వేశారు. పక్కన రెహానా గారు కూడా వేశారు.

కళ్ళు తుడుచుకున్నాను. భాస్కరం గారు మాత్రం లేవలేదు. వేలికి అంటిన సిరా తుడుచుకోవడం కూడా మరిచిపోయి ఆ రెండు మాటల్నే చూస్తూ కూర్చున్నారు.

"నేను జీవితంలో సొంతంగా చదివిన మొదటి వాక్యం ఇది," అన్నారు చివరికి. "ఇది నన్ను అంటున్నట్టే ఉందండీ."

మంగతాయారు గారి మొహం చూస్తే, కాదండి బాబూ అనబోతున్నట్టే ఉంది. నోరు తెరిచింది, మూసింది. ఆయన కళ్ళలోకి తిన్నగా చూసింది.

"అవునండి," అంది. "ఇందాకటి దాకా."